బల్లల దగ్గర పనికి మనుషులు కావాలి

(బళ్లారి జిల్లా మోకలో జరిగిన క్రైస్తవ యువజన సదస్సులో చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా కొద్దిగా సవరించాం.)



ఈ పూట నాకిచ్చిన అంశం, కొత్తగా మొదలైన స్టార్టప్ కంపెనీలో వ్యాపార బాధ్యత సంపాదించడం ఎలా అన్నది. యువజన కూడికలో ఇదేం అంశమని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. కానీ ఇవాళ మన ఇళ్లలో బి.కాం., బి.బి.ఎ., ఎం.బి.ఎ. చదివిన పిల్లలున్నారు. పంపిన దరఖాస్తులకు జవాబు రాదు. స్టార్టప్ అనగానే అది కోడింగ్ వచ్చినవాళ్ల లోకమని, బెంగళూరులో పెద్ద కాలేజీలో చదివినవాళ్ల లోకమని అనుకొని ఆగిపోతారు. "కోడింగ్ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం, సిఫారసు చేసేవాళ్లు లేరు. నాకు అక్కడేం పనన్నా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయానికి వెళ్దాం.

ఆ ఏడుగురి పేర్లు చూడండి

యెరూషలేము సంఘం అప్పటికి కొత్తది. ఆఫీసు లేదు, పద్ధతులు లేవు. మనుషులు మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నారు. త్వరగా పెరిగేచోట ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. రోజూ పంచే భోజనంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందలేదు. సణుగుడు మొదలైంది. పన్నెండుమంది అపొస్తలులు అందరినీ పిలిచి, మంచి పేరున్నవాళ్లను, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవాళ్లను ఏడుగురిని మీరే ఎంచుకోండి, ఈ పని వాళ్లకు అప్పగిస్తాం అన్నారు.

జనం ఎంచుకున్న పేర్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ భాష తెలిసినవాళ్ల చేతికే పంపకం ఇచ్చారని బైబిలు పండితులు చాలామంది అంటారు. ఆ ముసలమ్మ ఏ వీధిలో ఉంటుందో, తనకు అందలేదన్న మాటను ఎలా చెబుతుందో వాళ్లకు తెలుసు. ఆ ఏడుగురిని నియమించాక సంఘం మరింత విస్తరించిందని అదే అధ్యాయం చెబుతుంది. బల్లల దగ్గర నిలబడ్డ ఆ స్తెఫనే తర్వాత మొదటి హతసాక్షి అయ్యాడు. ఫిలిప్పు సమరయకు సువార్త మోశాడు. కాబట్టి లెక్కలు చూడటం, పంపకం చూడటం తక్కువ పని అని ఎవరైనా అంటే ఈ అధ్యాయం చూపించండి.

స్టార్టప్‌లో వ్యాపార బాధ్యత అంటే ఇదే. వస్తువు తయారుచేసేవాళ్లు కొందరుంటారు. అది ఎవరికి కావాలి, వాళ్ల చేతికి ఎలా చేరాలి, డబ్బు ఎలా వసూలు కావాలి, ఎవరికి అందలేదు అన్నది చూసేవాళ్లు వేరే కావాలి.

ఆ పని నిజంగా ఎలా ఉంటుంది

మనవాళ్ల ఉదాహరణలే తీసుకుందాం. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయిన ఫణీంద్ర సామ, మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముగ్గురూ ఇంజనీర్లే. బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. యజమానులు దాన్ని పట్టించుకోలేదు. అప్పుడు వాళ్లు చేసిన పనిలో కంప్యూటర్ చాలా తక్కువ. ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి కొన్ని సీట్లు మా చేతికివ్వండి, అమ్మిపెడతాం అని అడిగారు. ఐటీ కంపెనీల గేట్ల దగ్గర నిలబడి కార్డులు పంచారు. 2013లో ఆ కంపెనీని ఇబిబో గ్రూపు కొనుక్కుంది. దాని పునాదిలో కోడింగ్ ఎంతుందో, బస్సు యజమాని నమ్మకం సంపాదించే ఓపిక కూడా అంతుంది.

స్విగ్గీ మొదలుపెట్టిన శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి కూడా తెలుగువాళ్లే. 2013లో బండిల్ అనే పేరుతో కొరియర్ వ్యాపారం ప్రయత్నించారు, అది సాగలేదు. తర్వాత కోడింగ్ తెలిసిన రాహుల్ జైమిని కలిశాక 2014లో బెంగళూరు కోరమంగళలో కొద్ది హోటళ్లతో స్విగ్గీ మొదలైంది. హోటల్ యజమానిని ఒప్పించడం, డెలివరీకి మనుషుల్ని కుదుర్చుకోవడం, ఆర్డరు ఆలస్యమైతే ఫోనులో తిట్లు తినడం, ఇదంతా వ్యాపార విభాగం పనే.

పదిమందిలోపు ఉన్న కంపెనీలో ఈ పనికి ఒక్కో చోట ఒక్కో పేరు పెడతారు. బిజినెస్ డెవలప్‌మెంట్ అంటారు, ఆపరేషన్స్ అంటారు, ఫౌండర్స్ ఆఫీస్ అంటారు. పేరు చూసి మోసపోకండి, భయపడకండి కూడా. పొద్దున కస్టమర్ దగ్గర, మధ్యాహ్నం బ్యాంకులో, సాయంత్రం ఎక్సెల్ షీటు ముందు. వచ్చే నెల జీతాలకు డబ్బుందా లేదా అన్నది ఫౌండర్ తర్వాత మీకే ముందు తెలుస్తుంది.

మోకలో పుట్టినవాళ్లకు ఏం తెలుసు

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత నేల మీద పడింది కానీ చుట్టరికాలు, సంతలు, సంఘాలు రెండు వైపులా ఉండిపోయాయి. మీరు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ మాట్లాడతారు. దక్కనీ కూడా కొంత వచ్చు. బెంగళూరులో కూర్చున్న ఫౌండర్ ఎంత డబ్బు పోసినా త్వరగా కొనలేనిది ఇదే. ఆ గ్రీకు పేర్ల ఏడుగురికి ఉన్న అర్హత మీకూ ఉంది.

మిరప సంగతి చూడండి. మన జిల్లా రైతు ఎండుమిరప లారీకెత్తి హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్టుకు తీసుకెళ్తాడు. కొందరు గుంటూరు యార్డుకు పోతారు. కాయలో తేమ ఎంతుంటే ధర ఎంత తగ్గిస్తారు, కమీషన్ ఎవరికి పోతుంది, తూకం దగ్గర ఏం జరుగుతుంది, డబ్బు చేతికి ఎన్నాళ్లకు వస్తుంది, ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టడానికి ఎవరికి స్తోమతుంది, ఇవన్నీ మీ నాన్న మాటల్లో వింటూ పెరిగారు. భూమి ఒకరిది, కౌలు చేసేది ఇంకొకరు, కాగితాల్లో కౌలుదారు పేరే ఉండదన్న సంగతి కూడా తెలుసు. రైతులకు యాప్ ద్వారా అప్పు ఇప్పిస్తామనే కంపెనీకి ఈ చివరి సంగతి తెలియకపోతే, అప్పు భూస్వామికి పోతుంది, పంట వేసినవాడికి పోదు. ఆ మాట మొదటి వారమే చెప్పగలిగిన మనిషి ఆ కంపెనీకి కావాలి.

బళ్లారి జీన్స్ అలాంటిదే. పీసుకింత అని ఇంట్లో మిషను కుట్టే అక్కలు ఎందరో ఉన్నారు. ఆర్డర్లు ఏ నెలలో పెరుగుతాయి, ఏ నెలలో మిషను ఖాళీగా ఉంటుంది, వాషింగ్ యూనిట్ల నీళ్లు ఎటు పోతాయి అన్నది మీకు తెలుసు. ఆన్‌లైన్‌లో బట్టలమ్మే కొత్త కంపెనీకి ఈ తెలివిడి సరుకంత విలువైనది.

హైదరాబాదు కేంద్రంగా 2015లో మొదలైన ఖేతీ అనే సంస్థ చిన్న రైతుకు అందేలా తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ తయారుచేసింది. 2022లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన సత్య రఘు మొక్కపాటి చార్టర్డ్ అకౌంటెంట్. గ్రీన్‌హౌస్ కట్టిస్తే చాలదు. దానికి అప్పు, విత్తనం, సలహా, పంటకు మార్కెట్టు, అన్నీ కుదరాలి. ఆ కుదిర్చే పని వ్యాపారం తెలిసినవాళ్లది.

వెతకడం ఎలా

ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు ప్రకటనల్లో కనబడవు. ఫౌండర్ తన స్నేహితుణ్ని అడుగుతాడు, ఆ స్నేహితుడు తన కాలేజీవాణ్ని తెస్తాడు. అలా ఒకే కులం, ఒకే కాలేజీ, ఒకే వీధి మనుషులతో ఆఫీసు నిండిపోతుంది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయకపోవచ్చు, ఫలితం మాత్రం అదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదని మీకు తెలుసు. ఆంధ్రలో బి.సి.-సి కింద 1 శాతం ఉంది. ప్రైవేటు ఉద్యోగంలో ఆ ఒక్క శాతమూ లేదు. కాబట్టి వెనుక తలుపు లేని మనం ముందు తలుపు గట్టిగా తట్టాలి. తట్టే పద్ధతి చెబుతాను.

మొదట, కంపెనీ కన్నా ముందు సమస్యను ఎంచుకోండి. మిరప అమ్మకమా, కుట్టుపని ఆర్డర్లా, ఊళ్లో వైద్యమా, చిన్న దుకాణాల లెక్కలా? మీకు బాగా తెలిసిన ఒక్కటి. ఆ సమస్య మీద పనిచేస్తున్న కొత్త కంపెనీలు ఒక పది రాసుకోండి. హుబ్బళ్లిలో దేశ్‌పాండే ఫౌండేషన్ వాళ్ల స్టార్టప్ కేంద్రం ఉంది. హైదరాబాదులో 2015 నుంచి టి-హబ్ ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వ్యవసాయ స్టార్టప్‌లకే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. అక్కడ చోటు పొందిన కంపెనీల పేర్లు బయటికి ప్రకటిస్తారు.

తర్వాత, ఆ కంపెనీ సేవను మీరే వాడి చూడండి. వాడిన పదిమంది రైతులతోనో, దుకాణదారులతోనో, కుట్టే అక్కలతోనో మాట్లాడండి. ఎందుకు వాడారు, ఎందుకు మానేశారు, ఎంతైతే ఇస్తారు అని అడగండి. వాళ్ల అనుమతి లేకుండా పేర్లు, ఫోను నంబర్లు ఎవరికీ ఇవ్వకండి. విన్నది ఒక్క పేజీలో రాయండి. పదిమందిలో ఎందరు మానేశారు, కారణాలేమిటి, నేనైతే మొదటి నెలలో ఏం చేస్తాను, అంతే. ఆ పేజీని నేరుగా ఫౌండర్‌కు పంపండి. బయోడేటా రెండో కాగితం. ఇంగ్లీషు సాదాసీదాగా ఉన్నా పరవాలేదు, విషయం మీదై ఉండాలి. వారం చూసి ఇంకోసారి గుర్తుచేయండి. పదిమందికి పంపితే ఒకరిద్దరు మాట్లాడినా అది మంచి ఫలితమే.

ఒక హెచ్చరిక. ఆ ఒక్క పేజీ మీరు ఇష్టంగా చూపే మచ్చు. దాని తర్వాత "రెండు నెలలు ఊరికే పనిచేసి చూపించు" అంటే ఒప్పుకోకండి. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు. కాలేజీ పిల్లలు ఇంటర్న్‌గా చేరినా ప్రయాణం ఖర్చు, భోజనం ఖర్చుతో సహా ఎంతిస్తారో, ఎన్నాళ్లో ముందే రాయించుకోండి.

చేరేముందు కాగితం చూడండి

నమ్మకం మంచిది. కాగితం ఆ నమ్మకాన్ని కాపాడుతుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే అది ఎప్పుడు రిజిస్టరయింది, డైరెక్టర్లు ఎవరు, మూలధనం ఎంత అన్నది తెలుస్తుంది. అది చూశాక ఫౌండర్‌ను మర్యాదగా అడగండి: చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది? నాకంటే ముందు ఈ పనిలో ఎవరైనా ఉన్నారా, ఎందుకు వెళ్లారు? ఆరు నెలలకు నేనేం సాధిస్తే మీరు సంతోషిస్తారు? నిజాయితీ ఉన్న ఫౌండర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

జీతం తక్కువిచ్చి, బదులుగా షేర్లు ఇస్తామంటారు. దాన్ని ఈసాప్ అంటారు. అంటే కంపెనీ వాటాను ముందే అనుకున్న ధరకు తర్వాత కొనుక్కునే హక్కు. అది ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడిస్తేనే ఆ హక్కు మీదవుతుందని కంపెనీల చట్టం కింద నియమముంది. మామూలుగా నాలుగేళ్లలో విడతలుగా ఇస్తారు. మధ్యలో మానేస్తే మిగిలింది పోతుంది. వచ్చినదాన్ని కొనుక్కోవడానికి డబ్బు కావాలి, మామూలుగా కొన్నప్పుడే పన్ను కూడా పడుతుంది. కంపెనీ మూతపడితే ఆ కాగితానికి విలువ ఉండదు. అందుకని మొత్తం షేర్లలో అది ఎంత శాతం, ఏ ధరకు, వెళ్లిపోతే ఎన్ని రోజుల్లో కొనాలి అన్నవి అడగండి. ఇంట్లో అప్పు, చెల్లి ఫీజు, అమ్మ మందులు లెక్కేసుకోండి. ఇల్లు గడవడానికి ఎంత కావాలో దానికి తక్కువ నగదు జీతానికి ఒప్పుకోకండి. ధనవంతుల పిల్లలు రెండేళ్లు జీతం లేకుండా గడపగలరు. మనం గడపలేం. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

20 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో ప్రావిడెంట్ ఫండ్, 10 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే పరిమితిలోపు జీతం ఉన్నవాళ్లకు ఇ.ఎస్.ఐ. ఉండాలి. చెల్లెళ్లకు ఒక మాట. 10 మంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. "మనదంతా ఒక కుటుంబం" అని ఎవరైనా చెప్పినప్పుడు, సరే, ఆఫర్ లెటర్ ఇవ్వండి అనండి.

సంచి పట్టుకున్నవాడి పరీక్ష

ఇంతవరకు ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పాను. తెచ్చుకున్నాక ఏం చేస్తామన్నదే మన సంఘానికి అసలు ప్రశ్న. శిష్యుల్లో డబ్బు సంచి పట్టుకున్నవాడు యూదా అని మరచిపోకూడదు. బల్ల దగ్గర నిలబడినవాడు స్తెఫనూ కావచ్చు, యూదా కూడా కావచ్చు.

మీకు ఉద్యోగం వచ్చింది మీ ఊరి మనుషులు మీకు తెలుసు కాబట్టి. ఆ మనుషులు మీ మాట నమ్మే సంతకం పెడతారు. ఆ నమ్మకాన్నే తక్కువ ధరకు అమ్మమని ఒత్తిడి వస్తుంది. మొదట మంచి ధర ఇచ్చి అలవాటు చేసి, తర్వాత తగ్గించమంటారు. పెట్టుబడిదారులకు చూపించడానికి వందను మూడొందలుగా రాయమంటారు. లేవీయకాండము 19వ అధ్యాయం న్యాయమైన తూకం గురించి చెబుతుంది, కూలివాడి కూలి తెల్లవారేదాకా నిలిపి ఉంచవద్దనీ చెబుతుంది. తూకం ఇప్పుడు ఎక్సెల్ షీటులో ఉంది. కూలి నిలిపి ఉంచడానికి ఇప్పుడు "పేమెంట్ సైకిల్" అని పేరు. పేరు మారితే పాపం మారదు.

డెలివరీ కుర్రాళ్ల సంగతి చూడండి. 2024 నవంబరులో స్విగ్గీ షేరు మార్కెట్టుకెక్కింది. షేర్లున్న ఉద్యోగులకు వాటి ఫలం కనబడింది. ఎండలో బండి నడిపినవాళ్లు కాగితాల్లో ఉద్యోగులు కారు, భాగస్వాములు. పేరు భాగస్వామి, భాగం మాత్రం లేదు. ఇది ఒక్క కంపెనీ కథ కాదు, ఈ పద్ధతి అంతటిదీ. కార్మికులు సంఘటితమై అడగబట్టి కర్ణాటకలో 2025లో గిగ్ కార్మికుల సామాజిక భద్రత చట్టం వచ్చింది. కార్మికుడికి చెల్లించే మొత్తం మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కంపెనీలు కట్టాలి. రేపు అలాంటి కంపెనీలో ఆ లెక్క వేసే చెయ్యి మీది కావచ్చు. దాన్ని తప్పించుకునే దారి వెతికేవాళ్లుగా ఉంటారా, సమయానికి కట్టించేవాళ్లుగా ఉంటారా?

ఏ నిర్ణయం ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? నేను రాసిన అంకెను మా ఊరి సంతలో నిలబడి చెప్పగలనా? చివరి మనిషికి డబ్బు ఎప్పుడు చేరుతుంది? మూడింటికీ జవాబు తప్పుగా ఉంటే లోపలే, గౌరవంగా, రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే బయటికి రావడానికి వీలుగా మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. ఆ పొదుపు మీ మనస్సాక్షికి కాపలా.

పెద్దలకు ఒక మనవి

సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు భయపడి అతణ్ని నమ్మలేదు. అప్పుడు అతణ్ని చేరదీసి, అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లి, ఇతను నాకు తెలుసు అని నిలబడ్డది బర్నబా. ఇవాళ్టి మాటలో అది రెఫరల్. అంతకుముందు పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిందీ ఆయనే. మన పిల్లలకు బర్నబా కావాలి.

లండన్ మిషనరీ సంఘం తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారికి వచ్చాడు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో సంఘం బడులు నడిపింది, అక్షరం నేర్పింది. అక్షరం వచ్చిన పిల్లకు తర్వాతి మెట్టు చూపించడం కూడా ఆ పనిలో భాగమే. మూడు పనులు చేయగలం. ఒకటి, మన సంఘాల్లో బెంగళూరు, హైదరాబాదుల్లో పనిచేస్తున్నవాళ్ల జాబితా రాసి, ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క పిల్లకో, పిల్లాడికో పరిచయం చేయిస్తామని మాట తీసుకోవాలి. రెండు, ఆదివారం కానుకలో కొంత పక్కన పెట్టి, కొత్తగా పనిలో చేరేవాళ్లకు మొదటి నెల అద్దెకు, అడ్వాన్సుకు వడ్డీ లేని అప్పివ్వాలి. చాలామంది ఆఫర్ వచ్చి కూడా వెళ్లలేకపోతున్నది ఆ అడ్వాన్సు దగ్గరే. మూడు, ఆఫర్ లెటరు చదివి అర్థం చెప్పే ఒక లాయరునో, అకౌంటెంటునో నెలకొక సాయంత్రం ఇక్కడికి పిలవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భోజనం అయ్యాక ఇక్కడే కూర్చుందాం. మీకు బాగా తెలిసిన ఒక్క సమస్య కాగితం మీద రాసుకొని రండి. దాని గురించి ఏ పదిమందితో మాట్లాడతారో వాళ్ల పేర్లు కూడా మీ కోసం రాసుకోండి. ఆ ఒక్క పేజీ ఈ సాయంత్రమే మొదలుపెడదాం.

ప్రభువు మీ చేతుల పనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.